సామాజిక భవనంలో స్పీకర్లు, పవర్ యాంప్లిఫయర్: విప్పి, కొలిచి, మళ్లీ కలిపిన పని డైరీ

పని చేతికి వచ్చింది

విశాఖలోని లాసన్స్ బే కాలనీలో సముద్రపు గాలి నేరుగా తగిలే వీధిలో మా నివాసుల సంఘానికి ఒక సామాజిక భవనం ఉంది. హాలు సుమారు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. గోడలకు నాలుగు స్పీకర్ బాక్సులు, వేదిక పక్క గదిలో ఒక పవర్ యాంప్లిఫయర్, దాని మీద ఒక చిన్న మిక్సర్ ఉన్నాయి. సభ మొదలైన గంట లోపల శబ్దం ఉన్నట్టుండి ఆగిపోతున్నదనీ, కాసేపు ఆపి ఉంచితే మళ్లీ పలుకుతున్నదనీ, యాంప్లిఫయర్ పాతబడింది కాబట్టి వినాయక చవితి లోపల ఇంతకంటె పెద్దది కొనాలని సంఘం అనుకుంటున్నదనీ కార్యదర్శి గారు చెప్పారు. కొనే ముందు ఉన్నదాన్ని పూర్తిగా విప్పి కొలిచి చూస్తానని అడిగి, ఈ పని తీసుకున్నాను. వేడెక్కి ఆగి, చల్లబడ్డాక తిరిగి పలుకుతున్నదంటే దానిలోని రక్షణ సర్క్యూట్ సక్రమంగా పనిచేస్తున్నదని అర్థం. అది దేని నుంచి తనను కాపాడుకుంటున్నదో ముందుగా తెలియాలి.

యాంప్లిఫయర్ వెనుక ముద్రించిన అంకెలు ఇవి. ఒక్కో చానెల్‌కు 8 ఓమ్‌ల మీద 200 వాట్లు, 4 ఓమ్‌ల మీద 320 వాట్లు. రెండు చానెళ్లూ కలిసి ఒకే లోడును నడిపే బ్రిడ్జ్ పద్ధతిలో 8 ఓమ్‌ల మీద 640 వాట్లు. కనీస లోడు స్టీరియోలో 4 ఓమ్‌లు, బ్రిడ్జ్‌లో 8 ఓమ్‌లు. ఒక్కో బాక్సు మీద 8 ఓమ్‌లు, నిరంతర సామర్థ్యం 150 వాట్లు, పీక్ 600 వాట్లు, సెన్సిటివిటీ 96 డెసిబెల్‌లు అని ఉంది. దుకాణాల్లో గొప్పగా చెప్పేది ఆ 600 అంకెనే అయినా, లెక్కకు నేను తీసుకునేది 150నే. పీక్ అంకె క్షణకాలపు దెబ్బను గురించి చెబుతుంది. గంటల తరబడి స్పీకరు లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, ఎంత వేడిని భరించగలదో చెప్పేది నిరంతర సామర్థ్యమే.

నాలుగు బాక్సులూ ఒకే చానెల్ మీద

ప్లగ్గు ఊడదీసి, లోపలి పెద్ద కెపాసిటర్లలో నిలిచిన చార్జి దిగిపోవడానికి కొంతసేపు ఆగి, యాంప్లిఫయర్‌ను ర్యాక్ నుంచి ముందుకు లాగాను. వెనుక రెండు చానెళ్ల టెర్మినళ్లలో ఒక జత ఖాళీగా ఉంది. రెండో జతలో ఒకే ఎర్ర పోస్టు కింద రెండు వైర్లు, ఒకే నల్ల పోస్టు కింద రెండు వైర్లు మెలిపెట్టి బిగించి ఉన్నాయి. వాటిలో ఒక వైరు ముందరి రెండు బాక్సులకూ, ఇంకొకటి వెనుక రెండు బాక్సులకూ పోతున్నాయి. అంటే 8 ఓమ్‌ల బాక్సులు నాలుగూ సమాంతరంగా ఒకే చానెల్ మీద ఉన్నాయి. లోడు 2 ఓమ్‌లు. ఆ చానెల్ భరించగల కనీసం 4.

స్పీకర్లు పెంచుకుంటూ పోతే ఓమ్‌లు తగ్గుతాయి, ఓమ్‌లు తగ్గితే యాంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. కొత్తగా పని నేర్చుకునేవారు చాలామంది తడబడేది ఇక్కడే. అంకెల్లో చూస్తే తేటపడుతుంది. 8 ఓమ్‌ల మీద 200 వాట్లంటే టెర్మినళ్ల వద్ద 40 వోల్టులు, వైరులో 5 ఆంపియర్లు. అదే 40 వోల్టులు 4 ఓమ్‌ల మీద నిలబడితే 10 ఆంపియర్లు, 2 ఓమ్‌ల మీద నిలబడితే 20 ఆంపియర్లు. అంత కరెంటును ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎక్కువసేపు ఇవ్వలేవు. అవి వేడెక్కుతాయి, హీట్‌సింక్‌కు అతికించిన థర్మల్ స్విచ్ తెగుతుంది, సభ మధ్యలో మైకు ఆగిపోతుంది. రక్షణ సర్క్యూట్ లేని చవక యాంప్లిఫయర్ అయితే ట్రాన్సిస్టరే షార్ట్ అయి, లోపలి పవర్ సప్లైలోని డీసీ మొత్తం స్పీకరు కాయిల్ మీదికి వస్తుంది. కాయిల్ పొగలు కక్కడానికి కొన్ని సెకన్లు చాలు.

చూసినదాన్ని మీటరుతో కూడా ఖాయం చేసుకున్నాను. ముందుగా మీటరు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి వాటి సొంత నిరోధం ఎంతో రాసుకుని, తరువాతి రీడింగుల నుంచి దాన్ని తీసివేయాలి. ఇంత తక్కువ ఓమ్‌ల దగ్గర ఆ 0.3 ఓమ్ కూడా లెక్కలోకి వస్తుంది. వైర్లు విడదీశాక ఒక్కో బాక్సు 6.1 నుంచి 6.3 ఓమ్‌ల మధ్య చూపింది. 8 ఓమ్‌ల స్పీకరు మల్టీమీటరులో 6 దగ్గర చూపడం సహజమే. మీటరు కొలిచేది కాయిల్ తీగ డీసీ నిరోధాన్ని. ముద్రించిన 8 మాత్రం ఫ్రీక్వెన్సీతోపాటు పెరుగుతూ తరుగుతూ ఉండే ఇంపెడెన్సుకు పెట్టిన నామమాత్రపు విలువ. విద్యుత్ పరికరాల అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ ప్రమాణం ప్రకారం, నిర్దేశించిన ఫ్రీక్వెన్సీ పరిధిలో ఆ ఇంపెడెన్స్ నామమాత్రపు విలువలో 80 శాతానికి దిగకూడదు. అంటే 8 ఓమ్‌ల స్పీకరు కొన్ని స్వరాల వద్ద 6.4 వరకూ దిగవచ్చు. లోడును అంచు దాకా లాగకుండా కొంత వెసులుబాటు ఉంచమని నేను అందరికీ చెప్పడానికి కారణం ఇదే.

సన్నని వైరు దాచిపెట్టిన సంగతి

యాంప్లిఫయర్ చివర నుంచి పాత వైరింగు మొత్తాన్ని కొలిస్తే 1.9 ఓమ్‌లు వచ్చింది. ఒక్కోటి 6.2 ఓమ్‌లున్న నాలుగు కాయిళ్లు సమాంతరంగా ఉంటే 1.55 మాత్రమే రావాలి. మిగిలినదంతా వైరు నిరోధం. ఇంట్లో టేబుల్ ఫ్యానుకు వాడే 0.75 చదరపు మిల్లీమీటర్ల జంట వైరును ఇక్కడ స్పీకర్లకు లాగారు. అలాంటి మెత్తని రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 26 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. వెనుక బాక్సుల దాకా 25 మీటర్లు, పోను రాను 50 మీటర్లు, అంటే 1.3 ఓమ్‌లు. రెండు బాక్సులు కలిసి 4 ఓమ్‌ల లోడు అయినప్పుడు, వైరే లేకుంటే చేరవలసిన శక్తిలో 57 శాతమే అక్కడికి చేరుతుంది. వెనుక వరుసల వారికి సరిగా వినబడటం లేదన్న ఫిర్యాదుకు మూలం ఇది.

ఈ పనిలో నేను అన్నిటికంటె గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. వైరు సన్నగా ఉండటం వల్ల యాంప్లిఫయర్‌కు కనిపించే లోడు కొంత పెరిగి, ఆ మేరకు అది ఇంతకాలం బతికింది. ఎవరైనా వచ్చి వెనుక వరుసల ఫిర్యాదు విని, సదుద్దేశంతో వైరును మాత్రమే లావుది వేసి వెళ్లి ఉంటే, లోడు ఇంకా కిందికి దిగి యాంప్లిఫయర్ మరింత త్వరగా పడిపోయేది. ఒక లోపం ఇంకొక లోపాన్ని కప్పిపెట్టినప్పుడు శబ్దం వస్తూనే ఉంటుంది. స్పీకరు పలుకుతున్నదన్న ఒక్క కారణంతో కనెక్షన్ సరిగా ఉన్నదని ఎవరూ అనుకోకూడదు. లోడు, వైరు, పోలారిటీ (ప్లస్, మైనస్ తారుమారు కాకుండా ఉండటం), ఎర్త్ ఈ నాలుగింటినీ విడివిడిగా కొలిచి చూస్తే తప్ప ఆ మాట చెప్పడానికి వీలులేదు.

కొత్త పద్ధతి ఇలా నిర్ణయించాను. ముందరి రెండు బాక్సులు మొదటి చానెల్ మీద, వెనుక రెండు రెండో చానెల్ మీద సమాంతరంగా ఉంటాయి. ఒక్కో చానెల్ చూసే లోడు 4 ఓమ్‌లు. ప్రతి బాక్సుకూ విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల రాగి కేబుల్ వేయాలి. దీని నిరోధం కిలోమీటరుకు దాదాపు 8 ఓమ్‌లు కాబట్టి అదే 25 మీటర్ల దూరానికి పోను రాను 0.4 ఓమ్ అవుతుంది. వెనుక బాక్సుకు 91 శాతం శక్తి చేరుతుంది. ఇంకా లావు కేబుల్ వేయవచ్చు గాని, ఈ దూరానికి ఆ ఖర్చు దండగ.

ఉప్పుగాలి చేసిన పని

డాబాగార్డెన్స్‌లో కేబుల్, కనెక్టర్లు కొని తెచ్చాక పాత వైరు ఊడదీసే పని మొదలుపెట్టాను. వెనుక ఎడమవైపు బాక్సు టెర్మినల్ విప్పితే ఇత్తడి పోస్టు మీద పచ్చని కిలుం పేరుకుని ఉంది. వైరు ప్లాస్టిక్ తొడుగును ఒక అంగుళం వెనక్కి ఒలిచినా రాగి పోచలు ఎర్రగా కనిపించలేదు, నల్లగానే ఉన్నాయి. మరో రెండు అంగుళాలు ఒలిచాక గాని మెరుపు కనబడలేదు. తొడుగు లోపల కూడా తేమ పాకుతూ పోతుందని విశాఖలో బీచ్ పక్కన పనిచేసేవారందరికీ తెలుసు. హుద్‌హుద్ తుపాను తరువాత భవనం బాగుచేసినప్పుడు వేసిన వైరు అట ఇది. కిటికీ పక్కనే వేలాడుతూ ఇన్నేళ్లూ గాలి పీల్చుకుంది.

పోచలను మెలిపెట్టి టంకం వేసి స్క్రూ కింద బిగించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. చూడటానికి గట్టిగా ఉంటుంది గాని, స్క్రూ ఒత్తిడికి టంకం నెమ్మదిగా అణగిపోయి కొన్ని నెలలకు బిగువు సడలుతుంది. సడలిన చోట నిరోధం పెరిగి వేడెక్కుతుంది. అందుకని స్క్రూ కిందికి వెళ్లే ప్రతి చివరకూ థింబుల్ (వైరు కొనకు తొడిగే లోహపు తొడుగు) వేసి, క్రింపింగ్ టూల్‌తో నొక్కి, మీద హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. ఒక్క పోచ కూడా బయటికి నిక్కి ఉండకూడదు. ఎర్ర పోస్టు నుంచి విడిపోయిన వెంట్రుకవాసి పోచ నల్ల పోస్టును తాకితే చాలు, యాంప్లిఫయర్ ఔట్‌పుట్ షార్ట్ అవుతుంది.

బాక్సుల వెనుక పాత పద్ధతి పావు అంగుళం జాక్ సాకెట్లు ఉన్నాయి. వాటిని తీసి స్పీకాన్ సాకెట్లు పెట్టాను. ఆ జాకును దూర్చేటప్పుడూ లాగేటప్పుడూ దాని కొన, ఒంటి భాగం సాకెట్‌లోని స్ప్రింగుల మధ్య ఒక్క క్షణం షార్ట్ అయ్యే అవకాశం ఉంది. పైగా గిటారు కేబుల్ కూడా అందులో సరిగ్గా దూరుతుంది; సన్నని షీల్డ్ వైరు గల ఆ కేబుల్‌ను స్పీకరుకు వాడితే వేడెక్కి లోపల కరిగిపోవచ్చు. స్పీకాన్‌లో లోహపు భాగాలు వేలికి తగలవు, దూర్చి తిప్పితే క్లిక్‌మని గట్టిగా పట్టుకుంటుంది, ఎవరి కాలైనా తగిలినా ఊడిరాదు. నాలుగు పిన్నుల స్పీకాన్ ప్లగ్గు లోపల ఒకటి ప్లస్, ఒకటి మైనస్, రెండు ప్లస్, రెండు మైనస్ అని గుర్తులు ఉంటాయి. రెండు కోర్ల కేబుల్‌కు ఒకటి ప్లస్, ఒకటి మైనస్ మాత్రమే వాడాను; ఎర్ర కోరు ఎప్పుడూ ప్లస్‌కే.

స్పీకరు వైరులో వచ్చేది చిన్న కరెంటే కదా అన్న భావన కూడా ప్రమాదకరమైనదే. ఈ యాంప్లిఫయర్ పూర్తి శక్తి వద్ద టెర్మినళ్ల మధ్య 40 వోల్టులు, బ్రిడ్జ్ పద్ధతిలో అయితే 71 వోల్టులు, వాటి పీకులు 100 వోల్టుల దాకా ఉంటాయి. పాట వస్తుండగా టెర్మినళ్లను తాకకూడదు.

పోలారిటీ

ఒకటిన్నర వోల్టు టార్చి సెల్లును బాక్సు టెర్మినళ్లకు ఒక్క క్షణం తాకించి తీస్తే చాలు. సెల్లు ప్లస్ ఎర్ర టెర్మినల్‌కు తగిలినప్పుడు వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకరు) కోన్ బయటికి కదలాలి. జాలీలు విప్పి, పక్క నుంచి టార్చిలైటు వేసి చూశాను. మూడు బాక్సుల్లో కోన్ టక్‌మని ముందుకు వచ్చింది. వెనుక కుడివైపు బాక్సులో లోపలికి పోయింది. దాన్ని తెరిచి చూస్తే కింది స్వరాలనూ పై స్వరాలనూ విడదీసే క్రాసోవర్ బోర్డు నుంచి సాకెట్‌కు వచ్చే రెండు వైర్లు తారుమారుగా టంకం చేసి ఉన్నాయి. బహుశా ఎప్పుడో మరమ్మతుకు వెళ్లినప్పుడు జరిగి ఉంటుంది.

రెండు స్పీకర్లలో ఒకటి గాలిని ముందుకు నెట్టే సమయంలో రెండోది వెనక్కి లాగితే, రెండింటి మధ్య కూర్చున్నవారికి కింది స్వరాలు ఒకదానినొకటి చంపుకుంటాయి. గొంతు పలుచగా, దిక్కు తెలియనట్టుగా వినిపిస్తుంది. ఇలాంటప్పుడు మిక్సర్‌లో బేస్ నాబును పెంచుతూ పోతారు, దానితో వూఫర్ మీద భారం పెరుగుతుంది గాని హాలు మధ్యకు బేస్ రాదు. ఆ రెండు వైర్లనూ మార్చి టంకం చేసి, సెల్లుతో మళ్లీ చూసుకున్నాను.

ఎర్త్ విషయంలో రాజీ లేదు

గోడలోని సాకెట్‌ను మీటరుతో చూస్తే ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 234 వోల్టులు సరిగానే ఉన్నాయి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య మాత్రం అంకె నిలకడ లేకుండా 90 చుట్టూ ఊగుతోంది. డిజిటల్ మీటరు అలా తేలిపోయే అంకె చూపితే ఎర్త్ పిన్ను ఎక్కడికీ కలపలేదని అనుమానించాలి. ఇది మెయిన్ బోర్డు పని కాబట్టి నేను చేయి పెట్టకుండా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. బోర్డు విప్పితే ఆకుపచ్చ వైరు కత్తిరించి పెట్టె వెనుకకు మడిచి ఉంది. ఆయన దాన్ని ఎర్త్ బార్‌కు కలిపి, గొయ్యి దగ్గరి జాయింటు శుభ్రం చేసి, ఈ గదికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లైను వెంటనే తెంచే స్విచ్) ఒకటి పెట్టారు. తరువాత ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 232, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2 వోల్టుల లోపు వచ్చింది.

ఎర్త్ ఎందుకు తెంచారో కూడా అదే రోజు తెలిసింది. ప్రొజెక్టర్ కోసం లాప్‌టాప్‌ను మిక్సర్‌కు కలపగానే స్పీకర్లలో గుయ్‌మనే హమ్మింగ్ మొదలైంది. ఎలక్ట్రీషియన్ పెద్దాయన అనుభవం కొద్దీ ఒక సలహా చెప్పారు: "ఆ ఎర్తు పిన్ను ఇరిసీండి బాబూ, గుయ్‌మనడం పోద్ది. పందిళ్లలో మేం సేసేది అదే."

"పోతుంది బాబాయ్. దాంతోపాటు షాక్ కొట్టకుండా మనిషిని కాపాడేది కూడా పోతుంది" అన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతిని ఫేజ్ వైరు యాంప్లిఫయర్ డబ్బాను తాకితే, ఆ డబ్బా నుంచి మిక్సర్‌కూ, అక్కడి నుంచి మైకు వైరు షీల్డ్ ద్వారా మైకు ఒంటికీ 230 వోల్టులు వస్తాయి. మైకు పట్టుకున్న మనిషి చెప్పులు విప్పి తడి నేల మీద నిలబడి ఉంటే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. మన పందిళ్లలో ఇలాంటి మరణాల వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆయన తల ఊపి, మరి గుయ్‌మనడం ఎలా పోగొడతారో చూస్తానని కూర్చున్నారు.

లాప్‌టాప్ చార్జరు హాలు అవతలి గోడ మీది సాకెట్‌లో, యాంప్లిఫయర్ ఈ గదిలో ఉన్నాయి. రెండింటి ఎర్త్‌లూ వేర్వేరు దారుల్లో బోర్డుకు వెళ్లి, ఇటు ఆడియో కేబుల్ షీల్డ్ ద్వారా మళ్లీ కలిసి ఒక పెద్ద వలయం అయ్యాయి. ఆ వలయంలో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటే హమ్మింగ్‌గా వినిపిస్తుంది. లాప్‌టాప్‌కూ, ప్రొజెక్టర్‌కూ, మిక్సర్‌కూ, యాంప్లిఫయర్‌కూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకున్నాం. లాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు పెట్టాం. ఆడియో సంకేతం అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, ఎర్త్ వలయం మాత్రం అక్కడ తెగుతుంది. హమ్మింగ్ పూర్తిగా పోయింది. పెద్దాయన ఆ డబ్బా ధర అడిగి రాసుకున్నారు. అది నాకు చాలా సంతోషం కలిగించింది.

ఒక జాగ్రత్త ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆర్‌సీసీబీ కాపాడేది మెయిన్స్ వైపు లీకేజీ నుంచి మాత్రమే. యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ దాటాక స్పీకర్ వైపు ఉన్న వోల్టేజీ మనిషికి తగిలితే దానికి తెలియదు, అది పడిపోదు.

స్పీకర్లు లేకుండా మొదటి స్విచ్

దుమ్ము దులిపి, ఫ్యాన్ శుభ్రం చేసి, యాంప్లిఫయర్‌ను మొదట సిరీస్ బల్బు ద్వారా వెలిగించాను. మెయిన్స్ ఫేజ్ దారిలో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును వరుసలో పెట్టడమే ఈ ఏర్పాటు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి కరెంటు మితిమీరకుండా తానే ఆపుతుంది. మా బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, కెపాసిటర్లు నిండగానే ఎర్రని తీగ మాత్రమే కనిపించేంతగా తగ్గిపోయింది. అది మంచి గుర్తు. ఇనుప కోరు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్లకే ఈ పరీక్ష సరిపోతుంది. స్విచింగ్ పవర్ సప్లై ఉన్నవి ఇలా వెలిగిస్తే సరిగా స్టార్ట్ కాకపోవచ్చు.

తరువాత నేరుగా మెయిన్స్‌కు కలిపి, లోపలి రిలే టిక్‌మన్నాక, ఇన్‌పుట్ ఏమీ లేకుండా ఔట్‌పుట్ టెర్మినళ్ల వద్ద డీసీ వోల్టేజీ కొలిచాను. ఒక చానెల్‌లో 12, రెండోదానిలో 18 మిల్లీవోల్టులు. 50 లోపల ఉంటే నిశ్చింతగా స్పీకర్లు కలుపుతాను. వోల్టుల్లో చూపిస్తే మాత్రం ఆ యాంప్లిఫయర్‌కు స్పీకరు కలపడం అంటే స్పీకరును చేజేతులా కాల్చుకోవడమే.

ఎంత శక్తి కావాలి

బ్రిడ్జ్ స్విచ్ వేస్తే 640 వాట్లు వస్తాయి కదా, అది ఎందుకు వాడరాదని కార్యదర్శి గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బ్రిడ్జ్‌లో రెండు చానెళ్లు ఒకే లోడును రెండు వైపుల నుంచి ఎదురెదురుగా నడుపుతాయి. ఒక్కో చానెల్‌కు అసలు లోడులో సగమే కనిపిస్తుంది. నాలుగు బాక్సులు సమాంతరంగా 2 ఓమ్‌లు, అందులో సగం 1 ఓమ్. యాంప్లిఫయర్ ఆ రోజుతో సరి.

అసలు అంత శక్తి అవసరమా అన్నది రెండో సంగతి. ఈ బాక్సు 1 వాట్‌తో 1 మీటరు దూరంలో 96 డెసిబెల్‌లు ఇస్తుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు తగ్గుతాయని లెక్కవేస్తే 8 మీటర్ల దగ్గర 78. గోడల ప్రతిఫలనం, మిగిలిన బాక్సులు కలిసి ఇంకొంత పెంచుతాయి. ఫ్యాన్లు తిరుగుతున్న హాలులో ప్రసంగం హాయిగా వినడానికి ఇది చాలు. అంటే సగటున ఒక్కో బాక్సుకు కావలసింది ఒకటి రెండు వాట్లే! మిగిలిన శక్తి అంతా ఎగసిపడే క్షణాల కోసం. మాటలో పీకులు సగటు కంటె 12 డెసిబెల్‌లు పైకి వెళితే 16 రెట్ల శక్తి కావాలి. హరికథలో చిడతలు మోగినప్పుడు 20 డెసిబెల్‌లు ఎగిసిందంటే 100 రెట్లు. ఆ క్షణానికి సరిపడా శక్తి ఈ యాంప్లిఫయర్‌లో ఉంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి అది స్వల్పమైన తేడా, కాయిల్‌కు మాత్రం రెట్టింపు వేడి.

కొత్త యాంప్లిఫయర్ కొనవలసిన అవసరం లేదని ఆ సాయంత్రమే సంఘానికి రాతపూర్వకంగా తెలియజేశాను.

నాబు ఎక్కడ ఆపాలి

స్పీకర్లను తీసివేసి, మిక్సర్‌కు 100 హెర్ట్జ్ సైన్ టోన్ ఇచ్చి, దాని ఎర్ర దీపం వెలగబోయే అంచు దాకా పెంచాను. ఆ స్థితిలో యాంప్లిఫయర్ ఔట్‌పుట్ వద్ద ఏసీ వోల్టేజీ 34 వచ్చే దాకా నాబు తిప్పి, అక్కడ తెల్ల రంగుతో గీత పెట్టాను. 34ను 34తో గుణించి 8తో భాగిస్తే 144 వాట్లు. బాక్సు నిరంతర సామర్థ్యం 150కి లోపల. రెండో చానెల్‌కూ ఇదే. ఇకపై శబ్దం పెంచడం తగ్గించడం మిక్సర్‌లోనే. గీత దాటి నాబు తిప్పకూడదు.

ఎర్ర దీపం సంగతి మైకు నడిపే కుర్రాళ్లకు కూర్చోబెట్టి చెప్పాను. సంకేతం పరిమితిని దాటితే అల తల తెగి చదునుగా అవుతుంది. పూర్తిగా చదునైన చతురస్రపు అలలో, అదే ఎత్తున్న సైన్ అల కంటె రెట్టింపు శక్తి ఉంటుంది. పైగా అసలు పాటలో లేని పై స్వరాలు పుట్టి, పై స్వరాలు పలికే చిన్న స్పీకరు అయిన ట్వీటర్‌కు నేరుగా వెళతాయి. ట్వీటర్ కాయిల్ తీగ వెంట్రుకంత సన్నం, మొదట కాలేది అదే. చిన్న యాంప్లిఫయర్ స్పీకర్లను కాల్చదన్న నమ్మకం అందుకే తప్పు. చివరి దాకా తిప్పిన చిన్న యాంప్లిఫయర్ కంటె, సగంలో నడిచే పెద్దదే స్పీకరుకు మేలు.

వెలిగించే వరుస కూడా గోడకు అతికించాను. ముందు మిక్సర్, ఆఖరున యాంప్లిఫయర్. ఆపేటప్పుడు ముందు యాంప్లిఫయర్, ఆఖరున మిక్సర్. మిక్సర్ వెలిగేటప్పుడు వచ్చే డబ్‌మనే దెబ్బ వూఫర్‌కు తగలకుండా ఉండేది ఈ వరుస పాటించినప్పుడే. యాంప్లిఫయర్ వెలిగి ఉండగా ఏ కేబుల్‌నూ ఊడదీయరాదు, పెట్టరాదు.

గదిలోని పాత హారన్లు

సామాన్ల గదిలో రెండు హారన్ స్పీకర్లు, ఒక 60 వాట్ల పాత మైక్ సెట్టు యాంప్లిఫయర్ దొరికాయి. పండుగకు బయట కడదామని కొందరన్నారు. అవి 100 వోల్టుల లైను పద్ధతివి. ప్రతి హారన్‌లో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని మీద వాట్లను ఎంచుకునే టెర్మినళ్లలో, అంటే ట్యాపుల్లో, 15 వాట్ల ట్యాప్ మీద అది లైనుకు 667 ఓమ్‌లుగా కనిపిస్తుంది. అందుకే పొడవాటి సన్నని వైరు మీద కూడా పనిచేస్తుంది. అక్కడ ఓమ్‌లు లెక్కపెట్టే బదులు ట్యాపుల వాట్లు కూడితే చాలు, మొత్తం యాంప్లిఫయర్ సామర్థ్యంలో 80 శాతం దాటకుండా చూడాలి. భయమంతా ఈ రెండు పద్ధతులు కలిసిపోతేనే. హాలులోని 8 ఓమ్‌ల బాక్సును ఎవరైనా ఆ 100 వోల్టుల టెర్మినల్‌కు కలిపితే, లెక్క ప్రకారం 12.5 ఆంపియర్లు, 1250 వాట్లు. ఏదో ఒకటి కాలుతుంది. ఆ టెర్మినళ్ల మీద మూత బిగించి, హారన్ల వైర్లకు పసుపు టేపు చుట్టి, హాలు కేబుళ్లతో కలవకుండా వేరే పెట్టెలో పెట్టాను.

బయట కట్టే ఆలోచనను సంఘమే విరమించుకుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడకానికి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా వాడరాదు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. మా వీధిలో వృద్ధులు, పరీక్షలకు చదివే పిల్లలు ఉన్నారు. హాలు లోపల బాగా వినిపిస్తే చాలునన్నది నా అభిప్రాయం కూడా.

పూర్తి లోడు మీద

నాలుగు బాక్సులూ కలిపి, యాంప్లిఫయర్ చివర ఒక్కో చానెల్‌ను ఆఖరిసారి మీటరుతో చూశాను. ముందరి జత 3.2, వెనుక జత 3.3 ఓమ్‌లు. ఆ తరువాతే స్విచ్ వేశాను. పింక్ నాయిజ్ (అన్ని స్వరాలూ కలిసిన పరీక్షా హోరు) వదిలి హాలంతా నడిచి చూస్తే మధ్యలో గొంతు తేలిపోయే చోటు లేదు. వేదిక మీది మైకు ముందరి బాక్సులకు వెనుక పడేలా రెండడుగులు జరిపితే, స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి దూరి వచ్చే కూత కూడా తగ్గింది. రెండు గంటలపాటు ప్రసంగం స్థాయిలో నడిపాక హీట్‌సింక్ మీద అరచేయి హాయిగా ఆనించగలిగాను. థర్మల్ స్విచ్ తెగలేదు. బాక్సుకు ఎదురుగా మీటరు దూరంలో పిల్లలు కూర్చోకుండా ముందు వరుస వెనక్కి జరిపించాం. 100 డెసిబెల్‌ల శబ్దంలో 15 నిమిషాలకు మించి ఉండటం పెద్దల చెవులకే మంచిది కాదు.

మిగిలిన పని గోడల మీద ఉంది. బాక్సులను మోసే ఇనుప బ్రాకెట్ల బోల్టులు తుప్పు పట్టాయి, ఒక్కో బాక్సు సుమారు 14 కిలోలు. వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేసి, బ్రాకెట్ విరిగినా బాక్సు జనం మీద పడకుండా ఒక్కోదానికి విడిగా ఉక్కు తాడు కట్టాలి. బోల్టుల కొలతలు ఎలక్ట్రీషియన్ బాబాయ్‌కి ఇచ్చాను. ఆ పని పూర్తయ్యే దాకా వెనుక బాక్సుల కింద కుర్చీలు వేయవద్దని కార్యదర్శి గారికి చెప్పాను. అక్కడికి ఎవరూ వెళ్లకుండా అడ్డంగా తాడు కట్టి ఉంచారు.